బెన్యామీను పలమనేరులో దిగాలి

ఆ ఆదివారం భీమరావు చేయవలసిన పనులు, పాత క్యాలెండరు కాగితం వెనక ఆయన చేతిరాతలోనే, ఇలా ఉన్నాయి:

చర్చి పక్క గది ఊడ్చాలి.
కుర్చీలు బడిలో మాదిరి వేయాలి. మధ్యలో దారి వదలరాదు.
బోర్డు మీద స్టేజీల పేర్లు తుడవాలి. తడిగుడ్డతో. ఉత్త గుడ్డయితే కనిపిస్తాయి.
మునిశేఖర్ దగ్గర విజిల్ తీసేసుకోవాలి.
హెప్సిబాను వెనక వరసలో పెట్టాలి. ఎవరూ ఏమీ అడక్కుండా చూడాలి.
జయశీలన్ సారుకు టీ, వెన్న బిస్కెట్లు. చక్కెర తక్కువ.
గడ్డం గీసుకోవాలి.
బస్సు మాట ఎత్తరాదు.

ఆ చివరి దాని కింద మూడు గీతలు గీసి ఉన్నాయి. అవి చాలవేమో అన్నట్టు కింద ఇంకో ముక్క: నేను కూడా.

పొద్దున ఆరున్నరకు ఆ కాగితాన్ని గోడ మేకుకు గుచ్చి, భీమరావు స్టవ్ మీద టీ పెట్టాడు. జనవరి నెలాఖరు. పుంగనూరు వీధుల్లో మంచు ఇంకా దిగుతూనే ఉంది. టీ కాగుతున్నంతసేపూ ఆయన కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, ఎడమచేత్తో అలమర కొయ్యను పట్టుకుని నిలబడ్డాడు. వంటింటి నేల కదలదని ఆయనకు తెలుసు. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన కాళ్లకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు. రిటైరై ఎనిమిదేళ్లయినా, తలుపో, కరెంటు స్తంభమో, ఎదుటి మనిషి భుజమో, నిలువుగా ఉన్నదేదో ఒకటి పట్టుకోకుండా మాట్లాడలేడు. తోలుసంచీ వేలాడీ వేలాడీ ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్లు కిందికి దిగింది. ఫోటో తీసేవాళ్లు ‘నేరుగా నిలబడండి సార్’ అంటారు. ఆయనకు నేరుగా అంటే అదే.

టీ పొంగే వేళకు సరిగ్గా జిలాన్ వచ్చాడు. పద్దెనిమిదేళ్లు ఆయన బస్సు తోలితే, ఈయన టికెట్లు కొట్టాడు. భీమరావు భార్య నారాయణమ్మ పోయినప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, పొద్దుటి టీకి జిలాన్ వస్తున్నాడు. పిలిచిన వాళ్లు లేరు, రావద్దన్న వాళ్లూ లేరు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి గ్లాసులు రెండే కడగాలి.

జిలాన్ గోడమీద కాగితం చదివి గడ్డం గోక్కున్నాడు.

“ఏమప్పా, ఈ దినం చెకింగా?”

“చెకింగే. మదనపల్లె నుంచి వస్తాండాడు.”

“టికెట్ లేని ప్యాసింజరు ఎవురన్నా ఉండారా?”

“టికెట్లన్నీ ఉండాయి జిలానూ. బస్సే ఉండకూడదంట.”

జిలాన్ టీ ఊదుకుంటూ కాసేపు ఆలోచించాడు. “అరే, మా యాకూబ్ నబీ కొడుకులే గదప్పా వాళ్లు. పన్నెండు మంది. వాళ్లకు నువ్వు టికెట్ కొడితివి, నేను తోలితిని. ఇప్పుడు బస్సు లేదంటే ఎట్ల? నడిచి పోతారా?”

“నిజానికి నడిచే పోయినారు.”

“అందుకే నలభై ఏండ్లు పట్టింది.”

భీమరావుకు నవ్వు రాలేదు. గ్లాసు కింద పెట్టి జిలాన్ భుజం మీద చెయ్యి వేశాడు.

“పిల్లోళ్లు ఈ దినం తప్పు చెప్తే నా సండే స్కూలు క్లాసు హేమలతకు ఇచ్చేస్తారంట. కమిటీలో అనుకున్నారు.”

జిలాన్ తలవంచి మిగిలిన టీ తాగేశాడు. డ్రైవర్లకు ఎక్కడ హారన్ కొట్టకూడదో తెలుసు.

అసలు సంగతి చెప్పాలంటే ఇరవై ఆరేళ్లు వెనక్కి పోవాలి. భీమరావు నాయన సదుం పక్క పల్లెలో వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాడు. సెంటు భూమి లేదు. ఆ ఇంట్లో పది పాసైన మొదటి మనిషి భీమరావు, నెల జీతం తెచ్చిన మొదటి మనిషీ ఆయనే. కాకీ చొక్కా వేసుకుని ఇంటికి వచ్చిన రోజు పోలీసనుకుని నాయన పెరట్లోకి పరుగెత్తాడు. అలాంటి మనిషికి పాస్టరుగారు ఒకనాడు సండే స్కూలు అప్పగించారు. చదువుకున్నవాడు ఇంకొకడు లేడన్నదే కారణం. భీమరావు బైబిలులో కనాను దేశాన్ని ఆ పన్నెండు మంది కొడుకుల గోత్రాలకు ఎలా పంచారో చదివి వినిపించాడు. నఫ్తాలి దగ్గరే సగం మంది నిద్రపోయారు. మిగిలిన సగం జెబూలూను దగ్గర.

తర్వాతి ఆదివారం ఆయనకు నైట్ హాల్ట్ డ్యూటీ. కుప్పం నుంచి తెల్లవారి బస్సు దిగి, కాకీ చొక్కాతో, సంచీతో నేరుగా క్లాసుకు వచ్చాడు. ఆ సంచీ చూడగానే పిల్లలంతా లేచి కూర్చున్నారు. ఒక పిల్లవాడు అలవాటుగా “సదుంకు ఒకటి” అన్నాడు. భీమరావు ఒక్క నిమిషం ఆలోచించి, “సదుంలో దిగేది రూబేనూ గాదూ” అని టికెట్టు చింపి ఇచ్చాడు.

అంతే. కుర్చీలు రెండు పక్కలకు జరిగాయి, మధ్యలో దారి ఏర్పడింది. బి.కొత్తకోటలో ఎక్కితే నఫ్తాలి, అంగళ్లు వస్తే ఆషేరు. మదనపల్లెలో ఇద్దరు దిగాలి, జెబూలూను ఈ పక్క, ఇశ్శాఖారు ఆ పక్క. పుంగనూరు ఎఫ్రాయిము. పలమనేరు బెన్యామీను, చిన్న గోత్రం, పెద్దవాళ్ల మధ్యలో ఇరుక్కుని కూర్చుంటాడు. వి.కోట నుంచి చివరిదాకా యూదా, వాడిది పెద్ద సంసారం. షిమ్యోనుకు వేరే స్టేజీ లేదు, యూదా స్టేజీ లోపలే, కుప్పం బస్టాండులో. రూబేను, గాదు, మనష్షేలో సగం మంది ముందే సదుం పక్క దిగిపోయారు, యొర్దాను నదిగా పెట్టుకున్న కల్వర్టు కూడా దాటలేదు. దాను తన చోట సీటు పట్టుకోలేక, వెనక్కి పోయి బి.కొత్తకోట అవతల దిగాడు. భీమరావు రెండు వరసల మధ్య నడుస్తూ టికెట్లు కొట్టేవాడు. తన స్టేజీ తెలియనివాడు ఒక పాట పాడాలి. మదనపల్లె మలుపులో అందరూ ఎడమకు వాలాలి. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టిన మనిషి ప్రతి ఆదివారం ఒక దేశం దేశాన్నే పంచిపెట్టి, మధ్యాహ్నం ఇంటికి పోయి రాగి సంగటి తినేవాడు.

ఒక్కసారి మాత్రం ఒక పిల్ల అడిగింది. “మామా, లేవి యాడ దిగుతాడు?”

“లేవికి భూమి ఇయ్యలేదు బిడ్డా. అందరి ఊర్లలో ఉంటాడు, దేవుని పని చేస్తాడు. వాడికి స్టేజీ లేదు.”

“అయితే కండక్టరు మాదిరి.”

ఆ పోలిక అప్పటి నుంచి పాఠంలోనే ఉండిపోయింది. ఆ పిల్ల హేమలత. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. ఇప్పుడు బి.ఇడి. చేసి, ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తోంది.

ఇరవై ఆరేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఎవరూ పరీక్ష పెట్టలేదు. పోయిన డిసెంబరులో మొదటిసారి అన్ని సంఘాల పిల్లలకూ కలిపి మదనపల్లెలో రాతపరీక్ష పెట్టారు. పుంగనూరు నుంచి పదకొండు మంది పోయారు. యొర్దానుకు తూర్పునే స్వాస్థ్యం, అంటే వంతు భూమి, తీసుకున్న గోత్రాలేవి, ఎందుకు తీసుకున్నాయి అన్న ప్రశ్నకు పదకొండు మందీ, “రూబేను, గాదు, మనష్షేలో సగం. ఆవులు, గొర్రెలు లగేజీ ఎక్కువైనందున కల్వర్టు రాకముందే దిగిపోయిరి” అని రాశారు. దాను గోత్రం ఉత్తరానికి ఎందుకు పోయెను? “సీటు దొరకనందున.” షిమ్యోను స్వాస్థ్యం ఎక్కడ? “కుప్పం బస్టాండు లోపల.” మునిశేఖర్ ఒక్కడు మాత్రం ‘క్యాంటీను పక్కన’ అని కూడా చేర్చాడు.

పేపర్లు దిద్దినవాళ్లు కాపీ అన్నారు. పదకొండు పేపర్లలో ఒకటే తప్పు, ఒకటే మాట, కామాలతో సహా. కాపీ కాకుంటే ఏమవుతుంది? జిల్లా సండే స్కూళ్లకు సూపరింటెండెంటు జయశీలన్ సారు ఆ పదకొండు మందినీ తానే స్వయంగా వచ్చి నోటితో అడుగుతానని కబురు పెట్టాడు. పాస్టరుగారు భీమరావును పక్కకు పిలిచి, “ఈసారి మాత్రం ఆ బస్సు లేకుండా చూడండి భీమరావుగారూ, కమిటీవాళ్లు నా మాట వినే పరిస్థితిలో లేరు” అన్నారు. భీమరావు ఆయన భుజం పట్టుకోబోయి మర్యాదకు తలుపు పట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకల్లా గది తయారైంది. బోర్డు తళతళలాడుతోంది. కుర్చీలు ముందుకు తిరిగి, ఒకదాన్నొకటి ఆనుకుని, సందు లేకుండా ఉన్నాయి. పిల్లలు గడప దగ్గరే ఆగిపోయారు.

“కండక్టర్ తాతా, దారి యాడ?” అన్నాడు మునిశేఖర్. వాడు ఐదో తరగతి, గొంతు మాత్రం పెద్ద బస్టాండు మైకుకు సరిపోతుంది.

“దారి లేదు. తాత అనొద్దు, సార్ అను. విజిల్ ఇట్లియ్యి.”

“ఏ విజిల్ సార్?”

“జేబులోది.”

విజిల్ చేతులు మారింది. భీమరావు కండక్టరు గొంతు తగ్గించి, ఉపాధ్యాయుని గొంతు తెచ్చుకోవడానికి రెండుసార్లు దగ్గాడు.

“సూడండి బిడ్డలారా. సారు అడిగినప్పుడు గోత్రం పేరు చెప్పాల. ఊరు పేరు చెప్పకూడదు. బి.కొత్తకోట లేదు. అంగళ్లు లేదు. పుంగనూరు లేదు.”

“పుంగనూరు లేకపోతే మనం యాడుండేది?” అంది వాణి. తొమ్మిదేళ్ల వాణికి ఈ క్లాసులో ప్రత్యేకత ఉంది. పిల్లలు పదకొండు, గోత్రాలు పన్నెండు కాబట్టి ఆ పిల్లకు ఎప్పుడూ రెండు టికెట్లు. ఆ హోదా ఆమె నడకలో కూడా కనిపిస్తుంది.

“మనం ఈడనే ఉంటాం. ఎఫ్రాయిము మాత్రం వేరే యాడనో ఉంటాడు.”

పిల్లలకు ఈ మాట నచ్చలేదు. ఇన్నేళ్లు ఇంటి పక్కనే ఉన్నవాడు ఉన్నట్టుండి వేరే చోటికి పోవడమేమిటని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో హెప్సిబా కాళ్లు నేలకు అందక ఊగుతున్నాయి. రెండో తరగతి. అంత పెద్ద పేరు మోసేందుకు దేవుడు ఆ పిల్లకు చాలినంత ఒళ్లు ఇవ్వలేదు.

తొమ్మిదింబావుకు జయశీలన్ సారు వచ్చాడు. కుప్పంలో పుట్టి, మదనపల్లెలో హెడ్మాస్టరుగా స్థిరపడిన మనిషి. తెల్లచొక్కా ఇస్త్రీ మడతల మీద జనం నలిపిన గుర్తులున్నాయి. వచ్చీ రాగానే మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

“ఏం రద్దీ అండీ. మదనపల్లె నుంచి నిలబడే వచ్చాను. సీటే దొరకలేదు.”

“దాను మాదిరి,” అని మునిశేఖర్ గొణిగాడు. వాణి వాడి తొడ గిల్లింది. వాడు “అబ్బా” అన్నాడు. భీమరావు వెంటనే “టీ తీసుకోండి సార్” అని అంతకంటే గట్టిగా అన్నాడు.

కిటికీ పక్కన హేమలత కూర్చుని ఉంది. ఒళ్లో చుట్టచుట్టిన కొత్త మ్యాపు ఒకటి ఉంది. దాన్ని ఎవరు తెమ్మన్నారో భీమరావుకు తెలుసు. ఆమె ఆయన వంక చూడకుండా మ్యాపుకున్న రబ్బరుబ్యాండును తీస్తోంది, వేస్తోంది.

జయశీలన్ సారు బిస్కెట్టు తిని, వేళ్లు తుడుచుకుని, మొదట వాణిని లేపాడు.

“బెన్యామీను గోత్రపు స్వాస్థ్యం ఏయే గోత్రాల మధ్య ఉంది?”

వాణి నోరు తెరిచి మూసింది. తర్వాత కళ్లు మూసుకుంది. కుడిచేయి మెల్లగా పైకి లేచి, గాలిలో ఏదో కడ్డీని పట్టుకుంది. ఒళ్లు సన్నగా ఊగడం మొదలైంది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు. ఒకచోట ఆ పిల్ల మొత్తంగా ఎడమకు వాలింది. కాసేపయ్యాక స్పీడు బ్రేకరు మీద ఎక్కినట్టు ఎగిరిపడింది. ఆ తర్వాత కళ్లు తెరిచి, “ఎఫ్రాయిముకూ యూదాకూ మధ్యన సార్” అంది.

“కరెక్టే,” అన్నాడు జయశీలన్ సారు. కాస్త అనుమానంగా, “బాగానే ఉంది కదా అమ్మా, ఒంట్లో?” అని అడిగాడు.

“బాగుండాది సార్.”

తర్వాత మునిశేఖర్. ఇశ్శాఖారు ఎవరి పక్కన? వాడూ కళ్లు మూశాడు, కడ్డీ పట్టుకున్నాడు, ఊగాడు. మదనపల్లె దగ్గరే కాబట్టి తొందరగా చేరుకున్నాడు. “జెబూలూను పక్కన సార్. ఒకే...” అని ఆగి, ‘బస్టాండు’ అన్న మాటను ఎంగిలి మింగినట్టు మింగి, “ఒకే చోట సార్” అన్నాడు.

అలా ఒకరి తర్వాత ఒకరు. ఉత్తరపు గోత్రాలు అడిగితే జవాబు చప్పున వచ్చేది. దక్షిణానికి పోయేకొద్దీ ఆలస్యం. ఒక్కరంటే ఒక్కరు తప్పు చెప్పలేదు. ఒక్కరంటే ఒక్కరు ఊగకుండా చెప్పలేదు. యూదా సరిహద్దు అడిగినప్పుడు ఒక పిల్లవాడు అంత దూరం పోయి రావడానికి మూడు నిమిషాలు తీసుకున్నాడు, మధ్యలో ఎందుకో చెమట కూడా తుడుచుకున్నాడు. భీమరావు గోడకు ఆనుకుని నిలబడి, ప్రతి బిడ్డతోపాటూ తానూ ఎక్కి తానూ దిగుతున్నాడు. మలుపు దగ్గర తన ఒళ్లు కూడా ఎడమకు వాలుతోందని ఆయనకు తెలియదు. హేమలతకు తెలిసింది. ఎందుకంటే ఆమె కూడా వాలింది.

“భీమరావుగారూ,” అన్నాడు జయశీలన్ సారు నెమ్మదిగా, “ఈ పిల్లలకు తల తిరిగే జబ్బు ఏమన్నా ఉందా? నీళ్లు మంచివేనా ఇక్కడ?”

“నీళ్లు మంచివే సార్. భక్తి ఎక్కువ సార్.”

పదిమంది అయ్యారు. పదిమందీ పాసే. భీమరావు ముఖంలోకి ఇరవై రోజుల తర్వాత మొదటిసారి రక్తం వచ్చింది. ఇక చాలులే అని సారు లేవబోయి, వెనక వరసలో ఊగుతున్న చిన్న కాళ్లు చూసి ఆగాడు.

“ఈ చిట్టితల్లి మిగిలింది కదా. పేరేంటమ్మా?”

“హెప్సిబా.”

“సార్, అది చిన్నబిడ్డ సార్,” అన్నాడు భీమరావు. గొంతు కండక్టరుదే వచ్చేసింది. “దాన్ని వదిలెయ్యండి సార్. నేను చెప్తా సార్ దాని బదులు.”

“సులభమైనదే అడుగుతాను. షిమ్యోను ఎక్కడమ్మా?”

గదిలో పదిమంది పిల్లలు ఒక్కసారి నిట్టూర్చారు. షిమ్యోను అంటే ఆఖరి స్టేజీ.

హెప్సిబా కుర్చీ దిగి, కళ్లు మూసుకుంది. చిన్న చెయ్యి పైకెత్తింది. కడ్డీ అందనట్టు మునివేళ్ల మీద లేచింది. బి.కొత్తకోట, అంగళ్లు, మదనపల్లె మలుపు. పుంగనూరు దాటింది. పలమనేరు దగ్గర ముఖం తెల్లబడింది. వాణి “అయ్యో” అంది. వి.కోట వచ్చేసరికి పిల్ల రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“యూదా... లోపల...” అని జవాబు పూర్తిగా, స్పష్టంగా, తప్పు లేకుండా చెప్పి, “సార్, కిటికీ” అని జయశీలన్ సారు వైపే తిరిగి, ఆయన నల్లబూట్ల మీద పొద్దుటి ఇడ్లీలన్నీ కక్కింది.

ముందు వరస పిల్లలు కాళ్లు పైకెత్తుకున్నారు.

“ఏం ఫరవాలేదు సార్,” అన్నాడు మునిశేఖర్, అందరికంటే ముందు తేరుకుని. “పాపకు బస్సు పడదు సార్. ఎప్పుడూ కుప్పం కాడికి పొయ్యేసరికి ఇంతే.”

“ఏ బస్సు?”

మునిశేఖర్ భీమరావు వైపు చూశాడు. వాణి చూసింది. పదకొండు మందీ చూశారు. భీమరావు అప్పటికే హెప్సిబాను ఎత్తుకుని, చొక్కా చేతితో మూతి తుడుస్తున్నాడు.

“నా బస్సే సార్,” అన్నాడు.

బూట్లు కడిగి, ఎండలో పెట్టి, జయశీలన్ సారు వట్టికాళ్లతో కుర్చీలో కూర్చుని మొత్తం విన్నాడు. చెప్పింది భీమరావు కాదు, వాణి. రెండు టికెట్ల హోదాతో, స్టేజీ స్టేజీకీ చెప్పింది. సారు చెడ్డమనిషి కాదు. కల్వర్టు దగ్గర నవ్వాడు. దాను సీటు దగ్గర బాగా నవ్వాడు. నవ్వడం అయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాలాసేపు వాటిని మళ్లీ పెట్టుకోలేదు.

“వీళ్లకు వచ్చు భీమరావుగారూ. కాపీ కొట్టలేదు. ఆ మాట నేను రాసి ఇస్తాను. కానీ పరీక్ష జిల్లా అంతటికీ ఒకటే. రేపు ఈ బిడ్డ చేతికి మ్యాపు ఇస్తే కుప్పం ఎక్కడా అని వెతుకుతుంది. అవునా, కాదా?”

భీమరావు అబద్ధం ఆడలేదు. “వెతుకుతుంది సార్.”

“క్లాసు హేమలతకు ఇవ్వమని కమిటీ అడిగింది. నేను కాదనలేను.”

హేమలత లేచి నిలబడింది. “మామా, నేను అడగలేదు మామా.”

“తెలుసు బిడ్డా. కూర్చో.”

ఆయన ఒక చెయ్యి గోడమీద పెట్టి, గదిని ఒకసారి ఈ చివరనుంచి ఆ చివరకు చూశాడు. బండి డిపోకు అప్పగించే ముందు ఎవరివైనా సామాన్లు మరిచిపోయారేమో అని సీట్ల కింద చూసే చూపు అది.

జయశీలన్ సారు బూట్లు తొడుక్కుంటూ ఆగాడు. “ఆ కథలో లేవి ఎక్కడ దిగుతాడో చెప్పలేదే.”

 పదకొండు వేళ్లు లేచి భీమరావును చూపించాయి. ఆయన సిగ్గుపడి బోర్డు వైపు తిరిగాడు. బోర్డు మీద తుడవడానికి ఏమీ లేదు.

సారు గొంతు సవరించుకున్నాడు. “కుప్పం పక్కన మా పల్లెలో చిన్న సంఘం ఉంది. పద్నాలుగు మంది పిల్లలు. చెప్పేవాళ్లు లేరు. అక్కడినుంచి పరీక్షకు ఎవరూ రారు, మ్యాపూ లేదు. మీకు పాసుంది కదా. ఎలా చెప్పినా సరే, నేను అడగను.”

భీమరావు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ముఖంలో బాధ ఉంది, దాని వెనకనుంచి ఇంకేదో లెక్క మెల్లగా ముందుకు వస్తోంది.

“కుప్పం పిల్లోళ్లు కుప్పంలో ఎక్కుతారు గదా సార్,” అన్నాడు చివరికి. “అంటే షిమ్యోను మొదటి స్టేజీ. యూదా, బెన్యామీను, ఎఫ్రాయిము... అంతా రిటన్ ట్రిప్పు. మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల సార్.”

“రాసుకోండి.”

“దాను మాత్రం సుఖపడతాడు సార్. ఈసారి వెనక్కి పోవాల్సిన పన్లే. నేరుగా పోయేదే.”

సారు పోయాక పిల్లలకు తనే చెప్పాడు. డ్యూటీ మారింది, వచ్చే వారం నుంచి కుప్పం. మునిశేఖర్ విజిల్ మునిశేఖర్‌కు ఇచ్చేశాడు. హెప్సిబాకు మిగిలిన వెన్న బిస్కెట్లు కాగితంలో చుట్టి, ఇంటికి పోయి తిను, దారిలో తినొద్దు అన్నాడు. అప్పుడే ఏడవాలా వద్దా అని పిల్లలకు తెలియలేదు. వాళ్లకు తెలిసిన వీడ్కోలు ఒకటే. అందరూ గేటు దాకా వచ్చి, “రైట్ రైట్” అని అరిచారు. ఆయన వెనక్కి తిరగకుండా ఒక చెయ్యి పైకెత్తి నడిచాడు.

మరుసటి ఆదివారం ఏడింటికి భీమరావు కుప్పం బస్సు ఎక్కాడు. సాగనంపడానికి జిలాన్ బస్టాండుకు వచ్చి, కొత్త డ్రైవరుకు గేర్లు ఎలా వేయాలో రెండు నిమిషాలు చెప్పి తిట్టు తిన్నాడు. లోపల కుర్ర కండక్టరు గుర్తుపట్టి, “రాన్నా, ఈడ కూర్చో” అని ముందు సీటు చూపించాడు. భీమరావు సరేనన్నాడే గాని, కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. పలమనేరు వచ్చినప్పుడు తనకు తెలియకుండానే “బెన్యామీను” అన్నాడు. పక్కనున్న ఆమె తిరిగి, “ఏమంటివప్పా?” అంది.

“ఏంలేదమ్మా. దిగేవాళ్లు ఉండారేమోనని.”

అదే వేళకు పుంగనూరులో హేమలత మ్యాపు గోడకు తగిలించింది. కనాను, యొర్దాను, అన్నీ రంగుల్లో ఉన్నాయి. కుర్చీలు వరసగా వేసి లెక్క చూసుకుంటే ఒకటి తక్కువైంది. ద్వారం పక్కన ఒక కుర్చీ విడిగా ఉంది, దానిమీద ఎర్ర అంచు తువ్వాలు ఒకటి పరిచి ఉంది. హేమలత దాన్ని తీయబోయింది.

“అక్కా, తీయొద్దు,” అంది వాణి. “ఆ సీటుకు మనుషులుండారు.”

“ఎవురే?”

“వస్తారు. సీటు పట్టినాం.”

ఇరవై ఆరేళ్లలో ఆయన ఆ గదిలో ఒక్కసారి కూడా కూర్చోలేదన్న సంగతి హేమలతకు అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని, మ్యాపు దగ్గరికి పోయి, నిలబడే పాఠం మొదలుపెట్టింది.

మీరెవరైనా ఏదో ఒక ఆదివారం పుంగనూరు పక్కకు వస్తే, ఆ గదిలోకి తొంగి చూస్తే, ద్వారం పక్కన కుర్చీ ఖాళీగానే కనిపిస్తుంది. కూర్చోకండి. భీమరావు అనే కండక్టరును ఒక్కసారి తలుచుకుని, ఆ తువ్వాలును అలాగే ఉండనివ్వండి.